ధరలు పెరిగే రోజుల్లో ఇంటి సామాను ఎప్పుడు, ఎలా కొనుక్కోవాలి

నెల ఖర్చు ఎక్కడ తగ్గించాలో తేల్చుకునే ముందు, అది ఎక్కడెక్కడ పోతున్నదో ఒక నెల పాటు రాసి చూసుకోవాలి. నల్లగొండలో ఉండే మా ఇంట్లో నలుగురం. జీతం వచ్చిన ఇరవయ్యో రోజుకే చేతులు ఖాళీ అవుతుంటే, ఒక నోటు పుస్తకం తెచ్చి, చాయ్‌పత్తా నుంచి గ్యాస్ బండ వరకు కొన్న ప్రతి వస్తువుకూ తేదీ, తూకం, ధర, నగదా ఉద్దెరా అన్న నాలుగు వివరాలు రాయడం మొదలుపెట్టాం. నెలాఖరున పేజీలు తిరగేస్తే మేము అనుకున్నది ఒకటి, అక్కడ కనిపించింది ఇంకొకటి. రోజూ టమాట ధర గురించి మాట్లాడుకున్నాం గానీ, ఎక్కువ డబ్బు పోయింది అరకిలో, పావుకిలో చొప్పున పదేపదే తెచ్చిన పప్పు, నూనె, చింతపండు, కారం మీద. అవన్నీ పంట చేతికొచ్చే కాలంలో కొనకుండా, డబ్బా అడుగంటిన రోజున, దగ్గరున్న దుకాణంలో, చెప్పిన ధరకు తెచ్చుకున్నవే. తిండి తగ్గించుకోకుండా, కొనే కాలాన్నీ, తూకాన్నీ, డబ్బు కట్టే పద్ధతినీ మార్చుకుంటే ఎంత మిగులుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా వదిలించుకోవలసింది ఉద్దెర ఖాతా. కిరాణం దుకాణంలో ఉద్దెరకు వడ్డీ ఉండదని అనుకుంటాం. నిజమే, వడ్డీ అని ఎక్కడా రాయరు. కానీ ఉద్దెర తెచ్చుకునే మనిషి ధర అడగలేడు, తూకం వైపు చూడలేడు, ఇంకో దుకాణానికి పోలేడు. మా లెక్క పుస్తకాన్నీ దుకాణం పద్దునూ పక్కపక్కన పెట్టి చూసిన రోజున ఒకే నూనె ప్యాకెట్టు రెండు తేదీల్లో రెండు సార్లు పడి ఉంది. అది మోసమని అనను, రద్దీలో జరిగిన పొరపాటే కావచ్చు. మేము రాసుకోకపోతే మాత్రం ఎప్పటికీ తెలిసేది కాదు. పాత బాకీ ఒక్కసారే తీర్చడం కష్టమైతే దాన్ని మూడు భాగాలు చేసి, నెలకొక భాగం కడుతూ, ఆ నెల సామాను మాత్రం నగదుకే తెచ్చుకోవాలి. ఆ మూడు నెలలు ఇబ్బందిగానే గడుస్తాయి. నాలుగో నెల నుంచి సామాను జాబితా పట్టుకుని రెండు దుకాణాల్లో ధర అడిగే స్వేచ్ఛ వస్తుంది.

ఇక కాలం సంగతి. మన ప్రాంతంలో పండేవాటికీ, పక్క జిల్లాల నుంచి వచ్చేవాటికీ దాదాపు ఒక క్రమం ఉంది. వానాకాలం వరి కోతలు అయ్యాక కొత్త బియ్యం, సంక్రాంతి దాటాక కందులు, ఆ తరువాత చింతపండు, ఎండుమిరప, వనపర్తి, మహబూబ్‌నగర్ వైపు యాసంగి పల్లీలు వరసగా మార్కెట్టుకు వస్తాయి. అంటే ఏడాదికి సరిపడే సామానులో చాలా భాగం జనవరి, ఏప్రిల్ నెలల మధ్యనే కొనవలసి వస్తుంది. పెద్దల కాలంలో ఇది చెప్పవలసిన విషయమే కాదు. ధాన్యం నిల్వ చేసే గాబులు, గుమ్ములు ఉన్న ఇళ్లలో అలాగే నడిచేది. నెల జీతాల మీద బతికే మనకు ఆ నాలుగు నెలల్లో ఒక్కసారే డబ్బు పెట్టడం భారం కాబట్టి, జూన్ నుంచే నెలకు కొంత పక్కన పెట్టాలి. మహిళా సంఘంలో పొదుపు చేసే వారైతే, సంఘం నుంచి తీసుకునే చిన్న అప్పును చీరకో ఫంక్షన్‌కో కాకుండా ఈ సామానుకు వాడుకోవడం మేలు. చిట్టీ పాటను కూడా ఫిబ్రవరికి కుదిరేటట్లు చూసుకునే వాళ్లు మా వీధిలో ఇద్దరున్నారు.

కందిపప్పు తాండూరుది దొరికితే మంచిది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఏడాది పప్పు తెచ్చి పెట్టుకోవాలంటే పురుగు పట్టకుండా చూసుకోవడమే అసలు పని. మా అత్తమ్మ చేసే పద్ధతి చెబుతాను. పప్పును రెండు రోజులు గట్టి ఎండలో చాప మీద ఆరబోసి, సాయంత్రం వేడి పూర్తిగా చల్లారనిచ్చి, కిలోకు ఒక చిన్న చెంచా చొప్పున ఆముదం అరచేతికి రాసుకుని పప్పంతా కలియబెట్టాలి. ప్రతి గింజకూ పలుచని మెరుపు వస్తే చాలు, చేతికి జిడ్డు అంటిందంటే ఎక్కువైనట్టే. వేడి మీదనే డబ్బాకెత్తితే లోపల చెమ్మ పట్టి నెల తిరగకుండానే బూజు వస్తుంది. ఒకసారి తొందరపడి ఐదు కిలోలు ఇలాగే పోగొట్టుకున్నాం. వండేటప్పుడు గోరువెచ్చని నీళ్లతో రెండు సార్లు కడిగితే ఆముదం వాసన ఉండదు.

చింతపండు గింజతో కొంటే చవకగా కనిపిస్తుంది గానీ, గింజ, ఈనెలు పోను మిగిలేదెంతో ఒక కిలో తెచ్చి ఒలిచి తూచుకున్నాకే బేరం చేయాలి. ఇంట్లో ఒలిచే చేతులు ఉంటేనే అందులో లాభం. ఒలిచిన పండుకు కాస్త ఉప్పు కలిపి జాడీలో అదిమి పెడితే నల్లబడినా పాడవదు. ఎండుమిరప కూడా ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి, గిర్నికి ఇచ్చే ముందూ పట్టించాకా తూచుకోవాలి. గిర్ని దగ్గర నిలబడి పట్టించుకున్న కారంలో ఏమి కలిసిందో అన్న అనుమానం ఉండదు.

ఉల్లిగడ్డ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వానాకాలం గడ్డలో నీరు ఎక్కువ, కాబట్టి నిల్వకు ఆగదు. ఎండాకాలంలో వచ్చే గడ్డ, పైపొర బాగా ఆరి గలగలమనేది, నెలల తరబడి ఉంటుంది. మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర మార్కెట్టులో ఉల్లిగడ్డను బస్తాల లెక్కన వేలం వేస్తారు. అక్కడి నుంచి ఒక బస్తా తెచ్చుకుని మూడు నాలుగు ఇళ్లు పంచుకోవచ్చు. ఆలుగడ్డలతో కలిపి ఒకే బుట్టలో పోయకూడదు, రెండూ త్వరగా చెడిపోతాయి.

టమాట ధర చలికాలం చివర నేలను తాకి, జూన్, జూలైలలో నెత్తికెక్కడం ప్రతి రెండు మూడేళ్లకు చూస్తున్నదే. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిపోయింది. చవకగా ఉన్నప్పుడు ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టి తొక్కు పెట్టుకోవాలి. ధర పెరిగినప్పుడు టమాట లేకుండా వండడం మనకేమీ కొత్త కాదు. పచ్చిపులుసు, పుంటికూర పప్పు, చింతచిగురు పప్పు ఉన్న ఇంట్లో టమాట కోసం వంద రూపాయలు పెట్టవలసిన అవసరం నాకైతే కనిపించదు. రైతు బజారులో బోర్డు మీద రాసిన ధర చూసుకుని, ఆ తరువాతే వీధి బండి దగ్గర బేరం చేస్తే మోసపోయే అవకాశం తక్కువ.

బియ్యం అన్నిటికన్నా పెద్ద ఖర్చు గనుక దాని లెక్క వేరుగా వేసుకోవాలి. తెలంగాణలో రేషన్ కార్డు ఉన్న ఇంటికి 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తున్నాయి. నలుగురికి 24 కిలోలంటే నెల తిండిలో సగానికి పైగా తీరినట్టే. దొడ్డు బియ్యం ఇచ్చిన రోజుల అలవాటు కొద్దీ ఇప్పటికీ రేషన్ బియ్యాన్ని తక్కువ ధరకు అమ్మేసి, బయట ఎక్కువ ధరకు కొనేవారున్నారు. అంతకన్నా తెలివితక్కువ బేరం ఇంకొకటి లేదు, పైగా అది నేరం కూడా. మిగిలిన బియ్యం కొనేవారు మిర్యాలగూడ మిల్లుల వైపు తెలిసినవారు ఉంటే నాలుగైదు ఇళ్లు కలిసి ఒకే ఆటోలో తెప్పించుకోవచ్చు. దుకాణంలో బస్తా మీద 26 కిలోలని రాసి ఉండటం చూసే ఉంటారు. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకన్నా తక్కువ ఉండే, లేబుల్ వేసిన ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ వర్తిస్తుంది, దాని పైన ఉంటే లేదు. ఆ ఒక్క కిలో అందుకే. కాబట్టి ఇంటికి సరిపోతే 5 కిలోలు, 10 కిలోల సంచులు మాని పెద్ద బస్తానే తీసుకోవాలి.

కొత్త బియ్యం చవక, కానీ అన్నం ముద్దవుతుంది, ఒదుగు తక్కువ. డిసెంబరులో కొని మూడు నాలుగు నెలలు ఆగి వండుకుంటే పాత బియ్యం ధర పెట్టకుండానే పాత బియ్యం వచ్చినట్టు. బస్తాలను నేల మీద కాకుండా చెక్క మీద, గోడకు జానెడు దూరంలో పెట్టి, ఎండిన వేపాకు వేయాలి. బియ్యాన్ని మాత్రం పప్పులాగా ఎండలో పోయకూడదు, గింజ పగిలి నూకలవుతుంది; నీడలో ఆరబెడితే చాలు.

తూకం దగ్గర చిన్నవిగా కనిపించే నష్టాలు ఏడాదికి పెద్దవవుతాయి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. అదే ఎత్తు, అదే రంగు ఉన్న ప్యాకెట్లలో 850 గ్రాములవి కూడా ఉంటాయి. ఉదాహరణకు 910 గ్రాములది 150 రూపాయలు, 850 గ్రాములది 143 రూపాయలు అనుకుంటే, ఏడు రూపాయలు మిగిలినట్టు అనిపిస్తుంది; కిలో లెక్క కడితే మొదటిది 165, రెండోది 168. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసేంత ఓపిక లేకపోతే, ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ముద్రించి ఉంటుంది, దాన్ని చూసి పోల్చుకోవచ్చు. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక అనుకోవడం కూడా పొరపాటే. షాంపూ లాంటి వాటిలో చాలాసార్లు చిన్న పొట్లమే లెక్కకు కలిసొస్తుంది. సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనెల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు గనుక, ఇంట్లో ఉన్న పాత డబ్బా ధరతో కొత్త డబ్బా ధరను ఒకసారి పోల్చి చూడండి.

గ్యాస్ బండలో ఉండవలసిన గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు ఎంతో ఆ బండ మీదనే రాసి ఉంటుంది, ఒక్కో దానికి ఒక్కో రకంగా ఉంటుంది. ఆ రెండూ కూడితే వచ్చే బరువు కాటా మీద కనిపించాలి. బండ తెచ్చే అబ్బాయిని కాటా అడగడానికి మొదట మొహమాటపడ్డాం. ఒకసారి మాత్రం బండ పది రోజులు ముందే అయిపోవడంతో, ఆ తరువాతి నుంచి సీలు చూసి, తూచాకే డబ్బులిస్తున్నాం. మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల బండకు అర్హత ఉన్నవారు, ముందు పూర్తి ధర కట్టాక రాయితీ డబ్బు బ్యాంకు ఖాతాలో పడిందో లేదో పాసుబుక్కులో చూసుకోవాలి. పడకపోయినా చూసుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. పప్పు, శనగలు నానబెట్టి కుక్కర్‌లో వండటం, అన్నీ తరిగి పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించడం అందరికీ తెలిసినవే.

కరెంటు బిల్లులో 200 యూనిట్లన్నది గీత లాంటిది. రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి పథకంలో ఉన్నవారికి ఆ గీత లోపల సున్నా బిల్లు, దాటితే మొత్తం బిల్లు కట్టాలి. పథకంలో లేనివారికి కూడా 2022 ఏప్రిల్ నుంచి అమలైన టారిఫ్ ప్రకారం 200 యూనిట్లకు మొదటి వందకు 3.40, తరువాతి వందకు 4.80 చొప్పున కరెంటు చార్జీ 820 రూపాయలైతే, 201వ యూనిట్ పడగానే మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల రేటు, ఆ ఒక్క యూనిట్‌కు 7.70 పడి 1,027 రూపాయలు దాటుతుంది. ఒక్క యూనిట్‌కు రెండు వందలకు పైగా తేడా. అందుకే బిల్లు తీసిన తేదీన మీటరు అంకె గోడ క్యాలెండర్ మీద రాసుకుని, ఇరవయ్యో రోజున మళ్లీ చూడాలి. అప్పటికి 130 దాటి ఉంటే మిగతా పది రోజులు గీజర్, కూలర్ దగ్గర చేయి బిగించాలి. 2,000 వాట్ల గీజర్ అరగంట తిరిగితే ఒక యూనిట్. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు, తక్కువ కరెంటు తీసుకునే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 13 యూనిట్లకు కాస్త పైన. మూడు ఫ్యాన్లూ ఒకేసారి మార్చలేకపోతే రాత్రంతా తిరిగేదాన్ని ముందు మార్చాలి.

మహబూబ్‌నగర్, నల్లగొండ అంగళ్లకు పోయే మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి టికెట్ ఖర్చు లేదు కాబట్టి, దూరపు మార్కెట్టుకు పోయి తేవడం ఇప్పుడు గిట్టుబాటే. బీపీ, షుగర్ మాత్రలు వాడేవారు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చేవాటి గురించి అడగాలి. బయట కొనవలసి వస్తే, డాక్టరుకు చెప్పి జన ఔషధి కేంద్రంలో జెనరిక్ మందు తీసుకోవచ్చు.

నీళ్ల క్యాను ఖర్చు తగ్గించాలనుకునే వారికి ఒక్క మాట. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత చేటు చేసిందో మన జిల్లావాళ్లకు చెప్పనక్కరలేదు. బోరు నీళ్లను కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. క్యాను మానేయాలంటే దాని బదులు రావలసింది మిషన్ భగీరథ నల్లాలో వచ్చే నీళ్లే, ఇంటి వెనక బోరు నీళ్లు కాదు. నల్లా నీళ్లను వడకట్టి, కాచి, చల్లార్చి మూతపెట్టుకుని తాగితే సరిపోతుంది. నల్లా రాని రోజుల కోసం ఒకటి రెండు క్యాన్ల డబ్బు నెల లెక్కలో ముందే ఉంచుకోవాలి.