తాగుడు మాన్పించడానికి తక్కువ ఖర్చులో వైద్యం, కౌన్సెలింగ్ పొందడం ఎలా?

మా బంధువుల్లో, మా వీధిలో తాగుడుకు బానిసలైన చాలామందిని దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నా దగ్గరికి వచ్చేసరికే ఆ ఇంటి బంగారం తాకట్టులో ఉంటుంది. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరికే వైద్యం కోసం ఎక్కడెక్కడో అప్పులు చేసి వస్తారు. అది చూసి చూసి ప్రాణం విసిగిపోయి ఇది రాస్తున్నాను.

మొదటి పని, ఫోను. 14416 టెలి మానస్ నంబరు, అంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు, పైసా తీసుకోరు. మత్తు అలవాట్లకు ప్రత్యేకంగా 14446 ఉంది. రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి చూసి నొక్కండి. మీ కష్టమంతా చెప్పుకోండి, కానీ ఒక ప్రశ్న అడగకుండా పెట్టేయకండి: మా జిల్లాలో మానసిక వైద్యులు ఏ ఆసుపత్రిలో, ఏ రోజుల్లో ఉంటారు?

రెండోది, కాగితాలు. ఆధార్ కార్డు, పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు. అంతే.

ఇక మూడోది. అందరూ పాడుచేసేది ఇక్కడే. ఆసుపత్రికి తాగి వెళితే పరువు పోతుందని, వెళ్లే ముందు మూడు రోజులు మనిషిని గదిలో పెట్టి చుక్క కూడా ముట్టనివ్వరు. దయచేసి ఆ పని చేయకండి.

ఏళ్ల తరబడి రోజూ తాగే శరీరం ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి చలించి లేనివి కనిపిస్తాయి. ఇందులో ప్రాణం పోవచ్చు. మా బాబాయి టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూడా సగం చొక్కా మీదే పోసుకున్నారు. ఆ సాయంత్రం గోడ మీద చీమలు పాకుతున్నాయని తువ్వాలుతో దులుపుతూ కూర్చున్నారు. గోడ మీద ఒక్క చీమా లేదు. ఇంట్లో వాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒక రాత్రంతా అలా వృథా అయింది.

కాబట్టి మనిషి ఎలా ఉంటే అలాగే తీసుకెళ్లండి. చివరిసారి ఎప్పుడు, ఎంత తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. వణుకు తగ్గించే మందులిచ్చి క్రమంగా మాన్పించడం వారి పని. ఊళ్లో నీరసమని గ్లూకోజ్ ఎక్కించవద్దు. బి1 విటమిన్ ఇవ్వకుండా అది ఎక్కిస్తే మెదడుకే ప్రమాదం. మూర్ఛ వచ్చినా, మాట తడబడి మనుషులను గుర్తుపట్టకపోయినా 108కి ఫోను చేయండి, తెల్లవారే దాకా ఆగవద్దు.

తాగుడు మాన్పించే పొడి అని అన్నంలో తెలియకుండా కలపడం మరీ ఘోరం. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే వాంతులై రక్తపోటు పడిపోతుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తుండగా వాడవలసిన మందు అది.

నాలుగోది, ఓపీ. జిల్లాలో ప్రభుత్వ బోధనాసుపత్రి, అంటే మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంటే, అక్కడి మానసిక వైద్య విభాగానికి నేరుగా వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ పేరును మనం తిట్టుగా మార్చుకున్నాం. ఆ సిగ్గుతో ఇంట్లోనే కుళ్లిపోయిన వాళ్లను చూశాను. సోమవారం వెళ్లకండి, రద్దీ. పొద్దున్నే, ఒక్కరే తోడు వెళ్లాలి. పదిమంది వెంట వస్తే రోగి నోరు విప్పడు.

ప్రకటనలిచ్చే ప్రైవేటు కేంద్రాలకు నేను ఎవరినీ పంపను. ఒకచోట మా బంధువుల అబ్బాయికి మూడు నెలల డబ్బు ముందే కట్టించుకుని, నలభై రోజులు తల్లికి కూడా చూపించలేదు. చేర్చే ముందు ప్రభుత్వ నమోదు ఉందా, మానసిక వైద్యులు వస్తారా, ఇంటివాళ్లను కలవనిస్తారా అని అడగండి. మనిషిని గొలుసులతో కట్టేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. చేర్చుకుని చూసే చోటు కావాలంటే కేంద్ర ప్రభుత్వ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలున్నాయి, 14446లో అడగండి.

వణుకు తగ్గాకే కౌన్సెలింగ్ మనసుకు ఎక్కుతుంది. రెండుమూడుసార్లు వెళ్లి మానేయకండి. వీలైనంత వరకు ఒకే కౌన్సెలరు దగ్గరికి వెళ్లండి. దాంతోపాటు ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు కూడా ఉండాలి, అంటే తాగుడు మానిన వాళ్లు, మానాలనుకునే వాళ్లు కలిసి మాట్లాడుకునే చోటు. అక్కడ ఫీజు లేదు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. కుటుంబాల కోసం అల్-అనాన్ ఉంది. అంతకన్నా ముందు, ఓపీకి వెళ్లిన రోజే ఆయన భార్యకు కూడా వేరే చీటీ రాయించండి. ఇన్నేళ్లూ నిద్రలేని రాత్రులు గడిపింది ఆవిడే, డాక్టరుతో ఆవిడ విడిగా మాట్లాడాలి.