పక్కింటి స్ప్లిట్ ఏసీ మోతపై ఫిర్యాదు: విజయవాడలో దరఖాస్తు విధానం

సత్యనారాయణపురం, గవర్నరుపేట వంటి పాత పేటల్లో అపార్ట్‌మెంట్ల మధ్య చాలాచోట్ల ఒక మనిషి నడిచేంత సందు మాత్రమే ఉంటుంది. రెండు వైపుల ఇళ్ల స్ప్లిట్ ఏసీల అవుట్‌డోర్ యూనిట్లను ఆ సందులోకే బిగిస్తారు. ఏసీ ఉన్నవారి గది చల్లగా, నిశ్శబ్దంగానే ఉంటుంది కానీ, కంప్రెసర్, ఫ్యాన్ చేసే మోతంతా ఎదుటివారి పడకగది కిటికీకి చేరుతుంది. దీనిపై ఫిర్యాదు చేసే వీలు చట్టంలో ఉంది. అయితే విజయవాడ ఎండల్లో ఏసీ వాడవద్దని ఎవరినీ అడగలేము కనుక, యూనిట్ చప్పుడు తగ్గించమనో, దాన్ని వేరే గోడకు మార్చమనో కోరే దరఖాస్తుకే ఫలితం దక్కే అవకాశం ఎక్కువ.

ఫిర్యాదుకు ఆధారం పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986 కింద వచ్చిన శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నియమావళి, 2000. దీని ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు 55 డెసిబెళ్లు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లు పరిమితి. వాణిజ్య ప్రాంతానికి ఇవి 65, 55. ఇక్కడ చాలామంది ఒక విషయం గమనించరు. 7వ నియమం కింద ఫిర్యాదు చేయాలంటే శబ్దం ఆ పరిమితిని 10 డెసిబెళ్లు లేదా అంతకంటే ఎక్కువ దాటాలి. అంటే నివాస ప్రాంతంలో రాత్రిపూట కనీసం 55 ఉండాలి. చుట్టుపక్కల నివసించేవారికి కలిగే చికాకును, అసౌకర్యాన్ని నివారించడానికి శబ్దం చేసే పరికరంపై లిఖితపూర్వకంగా ఆదేశాలు ఇచ్చే అధికారం 8వ నియమంలో విడిగా ఉంది. కాబట్టి దరఖాస్తులో రెండు నియమాలనూ పేర్కొనడం మంచిది.

కొలతల విషయంలో తొందరపడకూడదు. డెసిబెళ్లు మామూలు కూడికకు లొంగవు: 52 డెసిబెళ్ల యూనిట్లు రెండు పక్కపక్కన నడిస్తే మొత్తం సుమారు 55 అవుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డెసిబెళ్లు తగ్గుతుంది కానీ, సందులో రెండు గోడలూ దాన్ని తిప్పికొట్టడం వల్ల అంత తగ్గదు. పైగా నియమావళి వాడే కొలమానం మనిషి చెవిని అనుసరించి మంద్రమైన గుయ్ శబ్దాన్ని తగ్గించి లెక్కిస్తుంది. కంప్రెసర్ మోత సరిగ్గా ఆ రకానిదే. అంకె చిన్నదిగా వచ్చినా నిద్ర పట్టకపోవడం అబద్ధం కాదు. అందుకే అంకెలతో పాటు మాటల్లోనూ వర్ణించాలి. ఫోన్‌లోని యాప్ కొలత ప్రాథమిక సూచనగానే పనికొస్తుంది. ధ్రువీకరించిన మీటరుతో కొలిపించమని దరఖాస్తులోనే కోరవచ్చు.

మా ఇంట్లో ఈ అవస్థ ఒక వేసవి అంతా పడ్డాం. ఎదుటి యూనిట్ ఆన్ అయిన ప్రతిసారీ మా కిటికీ ఇనుప గ్రిల్ సన్నగా వణికేది. దానిపై అరచేయి ఆనిస్తే చప్పుడు ఆగేది, తీస్తే మళ్లీ మొదలయ్యేది. చివరికి మెకానిక్ వచ్చి చూస్తే స్టాండు మీద యూనిట్ కాళ్ల కింద ఉండాల్సిన రబ్బరు బుష్‌లు అరిగి పలచబడి, ఇనుము మీద ఇనుము ఆనుతోంది. కొత్త బుష్‌లు వేసి, నట్లు బిగించి, గోడకు తగులుతున్న రాగి పైపును కాస్త ఎడంగా కట్టేసరికి ఆ రాత్రి గ్రిల్ కదల్లేదు. అందుకే దరఖాస్తులో ఏ మరమ్మతు కోరుతున్నామో రాయమని నా సలహా.

దరఖాస్తుకు ముందు కనీసం వారం రోజులు ఒక నోటుపుస్తకంలో తేదీ, సమయం, యూనిట్ ఆన్‌లో ఉన్నప్పటి కొలత, ఆపినప్పటి కొలత రాసుకోవాలి. ఆపినప్పటి కొలత లేకపోతే, ఆ శబ్దం రోడ్డు మీది వాహనాలదని ఎదుటివారు సులభంగా వాదించగలరు. ప్రతిసారీ ఒకే చోట, కిటికీ తెరిచి కొలవాలి. యూనిట్‌కూ మన కిటికీకీ మధ్య దూరం కనిపించేలా ఫొటో, శబ్దం రికార్డు చేసిన వీడియో, ముందుగా పొరుగువారికో అపార్ట్‌మెంట్ సంఘానికో ఇచ్చిన ఉత్తరం నకలు జతచేయాలి. ఆ ఉత్తరం ఇవ్వకుండా నేరుగా అధికారుల దగ్గరకు వెళ్లడం నాకు సబబు అనిపించదు.

నియమావళి ప్రకారం ఫిర్యాదు స్వీకరించే అధికారుల్లో జిల్లా మేజిస్ట్రేట్, పోలీస్ కమిషనర్ ఉన్నారు. విజయవాడవాసులు ఎన్టీఆర్ జిల్లా పోలీస్ కమిషనర్‌ను ఉద్దేశించి తెల్లకాగితం మీద ఇలా రాయవచ్చు:

“గౌరవనీయులైన పోలీస్ కమిషనర్ గారికి, నమస్కారములు. నేను పై చిరునామాలో కుటుంబంతో నివసిస్తున్నాను. మా పడకగది కిటికీకి సుమారు … అడుగుల దూరంలో పక్క భవనం … అంతస్తులోని ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రాత్రి 10 గంటల తర్వాత చేసే శబ్దం వల్ల మాకు నిద్ర ఉండడం లేదు. జతచేసిన పట్టికలో కొలతలు ఉన్నాయి. శబ్ద కాలుష్య నియమావళి, 2000లోని 7, 8 నియమాల కింద శబ్దాన్ని కొలిపించి, యూనిట్‌కు రబ్బరు బుష్‌లు వేయించడం లేదా దాన్ని వేరే గోడకు మార్పించడం గురించి తగిన ఆదేశాలు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.”

కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు ఉండాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై అందినట్లు ముద్ర, తేదీ వేయించుకోవాలి. వెళ్లలేనివారు రశీదుతో కూడిన స్పీడ్ పోస్టులో పంపవచ్చు. ఇదే అర్జీని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వవచ్చు. అక్కడ ఇచ్చే అర్జీ నంబరును జాగ్రత్త చేసుకోవాలి.

జవాబు రాకపోతే, మన ఫిర్యాదుపై ఏ చర్య తీసుకున్నారో తెలపమని 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దానికి 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

మోత చేసేది మనం కొత్తగా కొన్న ఏసీయే అయితే దారి వేరు. ముందు అమ్మినవారికి రాతపూర్వకంగా తెలిపి, పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు లేదా రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే కమిషన్‌లో రుసుము ఉండదు.

పొరుగువారు మరమ్మతు చేయిస్తే, మునుపు కొలిచిన చోటే, అదే సమయంలో మళ్లీ కొలిచి, సమస్య తీరిందని కమిషనర్ కార్యాలయానికి నాలుగు వాక్యాల ఉత్తరం ఇచ్చి, దాని నకలు ఒకటి పొరుగువారికి కూడా ఇవ్వాలి.