రీజెన్సీ ప్రేమ నవల రాయాలంటే ముందు పెళ్ళి చట్టం చదవండి

ఇంగ్లండులో మూడో జార్జికి మతి చలించడంతో కొడుకు రీజెంటుగా, అంటే రాజు బదులు పాలకుడిగా రాజ్యం నడిపిన 1811 నుంచి 1820 దాకా కాలమే రీజెన్సీ. ప్రేమ నవలల్లో దీన్నో ప్రత్యేక శాఖగా నిలబెట్టింది ఇంగ్లీషు రచయిత్రి జార్జెట్ హేయర్. మొదటి నవల 1921లోనే వచ్చినా, రీజెన్సీ కథకు ఆవిడ దిగింది 1935లో. దుస్తులు, టోపీలు, ధరలు, దుకాణాలు అంటూ విడివిడిగా నోట్సు రాసుకునేవారు. మీరూ నోటుపుస్తకంతోనే మొదలుపెట్టండి. కానీ మొదటి పేజీ గౌన్లకు కాదు, పెళ్ళి చట్టానికి ఇవ్వండి. కథకు గట్టి అడ్డంకి దొరికేది అక్కడే. ఉత్త అపార్థాల మీద మూడొందల పేజీలు లాగితే, "నోరు తెరిచి అడగొచ్చుగా" అని పాఠకురాలు పుస్తకం మూసేస్తుంది.

కథ ఏ ఏడాది, ఏ నెలలో మొదలవుతుందో తేల్చుకున్నాక నాయిక వయసు చూడండి. 1754 నుంచి అప్పట్లో అమల్లో ఉన్న చట్టం ప్రకారం, 21 నిండనివాళ్ళు తండ్రి ఒప్పుకోకుండా లైసెన్సుతో (చర్చి అధికారులిచ్చే పెళ్ళి అనుమతి పత్రంతో) చేసుకున్న పెళ్ళి చెల్లదు. లైసెన్సు వద్దనుకుంటే చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివించాలి. తండ్రి లేచి కాదన్నాడా, అంతే. స్కాట్లండుకు ఈ చట్టం వర్తించదు గనకే ప్రేమికులు సరిహద్దు దాటగానే ఉన్న గ్రెట్నా గ్రీన్‌కు పారిపోయేవారు.

కొత్తవాళ్ళు దొరికిపోయేది ఈ ప్రయాణంలోనే. లండన్ నుంచి అది 300 మైళ్ళ పైమాటే. గంటకు 8 మైళ్ళ చొప్పున ఆగకుండా పోయినా దాదాపు 40 గంటలు. పది పదిహేను మైళ్ళకోసారి సత్రంలో గుర్రాలు మార్చాలి, ప్రతిచోటా డబ్బు కట్టాలి. రాత్రి బయల్దేరదీసి తెల్లారేసరికి పెళ్ళి చేయించకండి. వెంటాడే అన్నకూ ఆ సత్రం గుర్రాలే దిక్కు. మిగిలిన జతను నాయకుడు పట్టుకుపోతే అన్న అక్కడే చిక్కుకుంటాడు. మీకో అధ్యాయం దొరికినట్టే.

స్పెషల్ లైసెన్సు ఉంటే ఎక్కడైనా, ఏ వేళైనా పెళ్ళాడొచ్చు. అయితే అది కాంటర్బరీ ఆర్చిబిషప్ పేరుమీద లండన్‌లో తీసుకోవాలి. యార్క్‌షైర్ పల్లెలో అర్ధరాత్రి నాయకుడి జేబులోంచి తీయించాలంటే, అంతకుముందే అతను లండన్ వెళ్ళొచ్చి ఉండాలి.

కట్నం 10,000 పౌండ్లయితే 5 శాతం వడ్డీకి ఏడాదికి 500. పెళ్ళికి ముందే లాయర్లతో ఒప్పందం రాయించుకోకపోతే ఆ సొమ్ము భర్త చేతికి పోతుంది. నాయకుడు జూదంలో మునిగినవాడైతే ఆ బేరసారాల సీను అస్సలు వదులుకోవద్దు.

బిరుదుల్లో తప్పు మొదటి పేజీలోనే పట్టిస్తుంది. బారొనెట్‌కు (వంశపారంపర్యంగా వచ్చే సర్ బిరుదున్నవాడికి) సర్ పక్కన సొంత పేరు రావాలి, ఒట్టి ఇంటిపేరు కాదు. అతని భార్యకు లేడీ పక్కన భర్త ఇంటిపేరు. డ్యూక్ కూతురికి లేడీ పక్కన సొంత పేరు.