చెరువు నీళ్ళు చెడితే: గుర్తు, కారణం, మందు (అనంతపురం చెరువుల కోసం)

అనంతపురం ప్రాంతంలో చెరువు నిండడమే ఒక పండగ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అందులోనూ సెప్టెంబరు నెలదే పెద్ద వాటా. అలా చేరిన నీళ్ళు సంక్రాంతికల్లా పచ్చబడి, వాసన కొట్టి, చేపలు తేలితే ఊరంతా టెన్షన్. బ్లీచింగ్ చల్లమని ఒకరు, సున్నం వేయమని ఒకరు, జేసీబీ పెట్టి పూడిక తీయిద్దామని ఇంకొకరు. ఒక్కోచోట మూడూ పనికొచ్చేవే. కానీ ఏది ఎక్కడ పనికొస్తుందో తేలాలంటే రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలి: ఏ వేళ ఇలా అయింది? నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయి? ఇవి రాసుకోకుండా ల్యాబ్‌కు పంపిన శాంపిల్ వల్ల పెద్ద ఉపయోగం ఉండదు.

సామాను కొంచెమే. రెండు మూడు తెల్లటి గాజు సీసాలు, పీహెచ్ పేపరు (నీళ్ళ పులుపు, క్షారం చూసే కాగితం), తేటదనం కొలిచే ఒక సెక్కీ పళ్ళెం. ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కీ 1865లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 20 సెంటీమీటర్ల రేకు పళ్ళేన్ని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి పెయింట్ వేసి, కింద ఒక బరువు, పైన పది సెంటీమీటర్లకొక ముడి వేసిన తాడు కట్టాలి. ఉదయం పదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య, తెప్ప నీడ పడే వైపు దించాలి. పళ్ళెం కనబడకుండా పోయిన లోతు, పైకి లాగితే మళ్ళీ కనబడిన లోతు, ఈ రెంటి సగటే మీ చెరువు తేటదనం. పదిహేను రోజులకోసారి రాసి పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి ఏ ఖరీదైన రిపోర్టూ చెప్పని సంగతి చెబుతుంది.

"తెల్లారేసరికి చేపలు తేలినాయి"

ఎక్కువ గొడవలు దీని మీదే. ఎవరో విషం కలిపారని అనుమానం, పాత పగలు, పోలీస్ స్టేషన్ దాకా వ్యవహారం. నిజంగా విషమా కాదా అనేది చచ్చిన చేపలే చాలావరకు చెబుతాయి.

పెద్ద కట్ల, శీలావతి చేపలు ముందు చచ్చి, చిన్న చేపపిల్లలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం తన్నుకుంటూ ఉంటే, అది ప్రాణవాయువు కొరత. చిన్నాపెద్దా తేడా లేకుండా చేపలతో పాటు ఎండ్రకాయలు, నీటి పురుగులు, కప్పలు కూడా పోయి ఉంటే, అందులోనూ ఒకే వంక (వాగు) నోటి దగ్గర ఎక్కువగా ఉంటే, అప్పుడు పురుగుమందును అనుమానించాలి. ఆ పూటే నీళ్ళు, చేపలు ఐస్‌లో పెట్టి మత్స్యశాఖ వాళ్ళకు చేర్చాలి. మర్నాటికి ఆధారం మిగలదు.

ప్రాణవాయువు కొరత ఎందుకొస్తుందంటే, పగలు ఎండలో పాచి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పాచి ఆ ఆక్సిజన్‌ను పీల్చేసుకుంటుంది. పచ్చటి చెరువులో మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటి కనిపించవచ్చు, తెల్లవారుజామున అదే చోట రెండుకు పడిపోవచ్చు. చేపకు 5 ఉంటే సుఖం, 3 అయితే అవస్థ, 2 కిందికి పోతే చావు. అందుకే ఆఫీసు టైములో వచ్చి శాంపిల్ తీసుకుని "అంతా బాగుంది" అని వెళ్ళే పరీక్ష ఈ జబ్బుకు దండగ. సూర్యుడు పొడవక ముందు కొలవాలి. శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపేటట్లయితే సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షార అయోడైడు రసాయనాలు అక్కడికక్కడే వేయాలి.

రెండు మూడు రోజులు మబ్బు పట్టి గాలి ఆడకపోతే ప్రమాదం ఎక్కువ. ఎండాకాలం తర్వాత పడే మొదటి గట్టి వాన కూడా అంతే. ఊరి పేడ, చెత్త, మురుగు అంతా ఒక్కసారిగా చెరువులోకి దూకి కుళ్ళడం మొదలవుతుంది.

అప్పటికప్పుడు చేయాల్సింది: మేత, పేడ ఎరువు ఆపేయాలి. మోటారు పెట్టి చెరువు నీళ్ళే తోడి ఎత్తు నుంచి చిమ్మేలా మళ్ళీ చెరువులోకే వదలాలి. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా నడిపితే చాలు, పగలు అక్కర్లేదు. బతికిన పెద్ద చేపలు పట్టి అమ్మేయడం మేలు. చేపలు మధ్యాహ్నం పూట చస్తుంటే లెక్క వేరు. పీహెచ్ 9 దాటిందేమో చూడండి. అంత క్షారంలో నీటిలోని అమ్మోనియా విషంగా మారుతుంది, అలాంటప్పుడు సున్నం వేస్తే చేజేతులా చంపినట్టే.

"నీళ్ళు పచ్చ పెయింట్ లాగా అయినాయి"

ఒక కర్ర తీసుకుని నీళ్ళలో తిప్పి పైకెత్తండి. వెంట్రుకల్లా పీచు వేలాడితే అది దారపు పాచి. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా పశువులకు అంత ప్రమాదం లేదు, దంతెతో లాగి గట్టున పారేస్తే సరి. కర్రకు పెయింట్ పూసినట్టు అంటుకుంటే అది సయనోబ్యాక్టీరియా (నీలి ఆకుపచ్చ నాచు) కావచ్చు. ఇంకా నమ్మకం కుదరకపోతే సీసా నింపి కదపకుండా ఒక పూట ఉంచండి. ఆ పచ్చదనం అడుక్కి పోకుండా పైకి తేలి మూతి దగ్గర పొరలా కడితే అనుమానం బలపడినట్టే. గాలి కొట్టే దిక్కున కట్ట మూలలో ఈ తెట్టు పేరుకుంటుంది, గొర్రెలు తాగేది కూడా సరిగ్గా అక్కడే. ఇందులో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే కాలేయ విషాన్ని వదులుతాయి. తాగే నీటిలో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్ అనే రకం లీటరుకు ఒక మైక్రోగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కాచినా ఈ విషం పోదు. తెట్టు పోయేదాకా పశువులను వేరే దిక్కుకు తోలాలి.

కారణం ఏంటంటే భాస్వరం. 1973లో కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విడగొట్టింది. ఒక పక్క కార్బన్, నత్రజని వేశారు. రెండో పక్క ఆ రెంటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన పక్క మాత్రమే పచ్చటి పాచితో నిండిపోయింది. విమానం నుంచి తీసిన ఆ ఫోటో చూస్తే ఇంక వాదన అక్కర్లేదు. అమెరికాలోని సియాటిల్ దగ్గర లేక్ వాషింగ్టన్‌లో కలిసే మురుగును 1963 నుంచి 1968 లోపు దారి మళ్ళించాక కొన్నేళ్ళకే ఆ సరస్సు తేటపడింది.

మన చెరువుకు భాస్వరం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఊరి మురుగు, డిటర్జెంట్, పేడ. రెండోది చేనిలో వేసిన డీఏపీ, సూపర్ ఎరువులు. ఈ భాస్వరం ఎక్కువగా మట్టి రేణువును పట్టుకుని ప్రయాణం చేస్తుంది. మట్టి కోత ఆపితే భాస్వరాన్నీ చాలావరకు ఆపినట్టే.

మందు విషయానికొస్తే, మైలుతుత్తం చల్లడం నాకు నచ్చని పని. పాచి ఒక్కసారిగా చచ్చి లోపలి విషమంతా నీళ్ళలోకి వదులుతుంది, కుళ్ళేటప్పుడు ఆక్సిజన్ ఊడ్చేస్తుంది, వారం తిరక్కుండా చేపలు తేలతాయి. దాని బదులు మురుగు కాలువ చెరువులో కలిసే చోట ముందొక గుంట తవ్వి మడ్డి దిగనివ్వాలి, తర్వాత జమ్ము, తుంగ పెరిగే చిత్తడి మడి గుండా నిదానంగా వదలాలి. ఏటా జమ్ము కోసి బయటికి తీసుకుపోవాలి. కోయకుండా వదిలేస్తే అది అక్కడే కుళ్ళి, తాగిన భాస్వరాన్ని మళ్ళీ కక్కుతుంది.

మురుగు ఆపినా అడుగు మట్టిలో చేరిన భాస్వరం కొన్నాళ్ళు పైకొస్తూనే ఉంటుంది. ఈ విషయంలో మాత్రం మనకు కెనడా వాళ్ళ కంటే ఒక సుళువు ఉంది: మన చెరువులు వేసవిలో ఎండుతాయి. ఎండినప్పుడు పైపొర ఒండ్రుమట్టిని రైతులు ట్రాక్టర్లతో చేలకు తోలుకుంటే చెరువుకు వైద్యం, చేనుకు ఎరువు.

"నెలలు గడిచినా బురద తేరడం లేదు"

సీసా నింపి ఒక రోజు ఉంచండి. ఇసుక, గరుకు మట్టి ఒక గంటలో దిగిపోతాయి. మర్నాటికీ పాలటీ రంగులోనే ఉంటే అది సన్న బంకమట్టి, సోడియం ఎక్కువున్న నేల నుంచి వచ్చింది. చిటికెడు పటిక వేసి చూడండి, ముద్దలు కట్టి దిగుతుంది. తాగడానికి తెచ్చుకున్న బిందెకైతే పటిక సరే, చెరువంతటికీ పటిక వేసే ఆలోచన వద్దు. ఒక చిన్న సంగతి కూడా చూడండి: బంగారు తీగ చేపలు లెక్కకు మించి వదిలితే అవి అడుగు తవ్వుతూ లోతు తక్కువ చెరువును ఎప్పుడూ బురదగానే ఉంచుతాయి.

బురద ఎక్కడ పుడుతోందో పట్టుకోవడానికి మంచి ఉపాయం ఉంది. గట్టి వాన పడి వంకలు పారుతున్నప్పుడు, ఒకే గంటలో ఒక్కో వంక నుంచి ఒక్కో సీసా నింపి, పేరు రాసి, పంచాయతీ ఆఫీసు అరుగు మీద వరసగా పెట్టండి. రెండో రోజుకు ఏ సీసా అడుగున ఎంత మట్టి దిగిందో స్కేలుతో కొలవచ్చు. ఏ కొండవాలుకు ముందు పని పెట్టాలో ఊళ్ళో అందరూ చూసి ఒప్పుకుంటారు. మీటింగులో గంట వాదించినా కుదరని ఏకాభిప్రాయం ఇక్కడ కుదురుతుంది.

పని పైనుంచి కిందికి జరగాలి. కొండ మీద కందకాలు, వాలు చేలకు అడ్డంగా గట్లు, చిన్న గండ్లలో రాతి అడ్డుకట్టలు, ఆ తర్వాతే వంకలో చెక్‌డ్యాం. కరువు ప్రాంత పథకాలను సమీక్షించిన హనుమంతరావు కమిటీ 1994లో నివేదిక ఇచ్చాక 1995లో వచ్చిన వాటర్‌షెడ్ (పరివాహక ప్రాంత అభివృద్ధి) మార్గదర్శకాల నుంచి ఈ మాట వింటూనే ఉన్నాం. అయినా ముందు కింద చెక్‌డ్యాం కట్టి, ఫోటో దిగి, తర్వాత పైకి చూసే అలవాటు పోలేదు. అలాంటి చెక్‌డ్యాం కొన్ని వానలకే ఇసుకతో నిండి మెట్టులా మిగులుతుంది. డబ్బుకు ఇబ్బంది పడనక్కర్లేదు. ఉపాధి హామీ మొదలైందే మన జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. గట్లు, కందకాలు ఆ పథకంలో చేయదగ్గ పనులే.

"నీళ్ళు ఉప్పెక్కుతున్నాయి"

వేసవి ముదిరేకొద్దీ నీరు ఆవిరై ఉప్పు మిగలడం మామూలే. నీళ్ళలో ఉప్పు ఎంతో చెప్పే విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 750 మైక్రోసీమెన్స్ దాటితే పంట ఎంపికలో జాగ్రత్త, 2250 దాటితే ఆ నీళ్ళు పారించకపోవడమే నయం. మిగులు సోడియం కార్బొనేటు (ల్యాబ్ రిపోర్టులో ఆర్‌ఎస్‌సీ) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే నేల బిగుసుకుపోతుంది, జిప్సం వేయాలి.

"నిండిన చెరువు రెండు నెలలకే ఖాళీ"

ఎండ తాగిందా, భూమి తాగిందా? ఒక ప్లాస్టిక్ టబ్బులో చెరువు నీళ్ళే పోసి, రాళ్ళ బరువు పెట్టి, మూడొంతుల్లో రెండొంతులు మునిగేలా చెరువు అంచున ఉంచండి. లోపల, బయట నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. వాన లేని వారం తర్వాత రెండు చోట్లా ఒకే మాదిరి తగ్గితే అది ఎండ పని. చెరువులో ఎక్కువ తగ్గితే, తూము కారడమో, కట్టలో బొరియలో, అడుగున ఇంకడమో చూడాలి. కట్ట మీద జాలి (తుమ్మ) చెట్లు నరికి వదిలేసిన చోట, వేళ్ళు కుళ్ళి సొరంగాలు పడతాయి. కట్ట వెనక ఊట తేటగా ఉంటే గమనిస్తూ ఉండొచ్చు. బురదగా వస్తుంటే మాత్రం కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఆ గంటలోనే ఇరిగేషన్ వాళ్ళకు చెప్పాలి.

పూడిక తీసే జేసీబీ బంకపొర దాటి గరుసు తేలేదాకా తవ్వినా నీళ్ళు ఇంకిపోతాయి. కింద బోర్లకు అది లాభమే. కొన్ని ఊళ్ళు తూము మూసి చెరువును ఊట చెరువుగా వదిలేసుకున్నాయి కూడా. ఆయకట్టు కావాలా, బోర్లు కావాలా అన్నది తవ్వకం ముందు తేల్చుకోవాలి.

"వాన పడింది, చెరువుకు మాత్రం రాలేదు"

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం చెరువుకు ఆరు దోషాలు చెప్పింది. కట్ట కారడం, ఉప్పు నేలతో పాటు, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం కూడా అందులో ఉంది. ఇప్పుడు ఆ దోషం ఇంకో దారిలో వచ్చింది. సప్లై కాలువలో జాలి కంప, రోడ్డు కింద ఇరుకు పైపులు, కాలువను మింగిన లేఅవుట్లు నడిచి చూస్తే కనబడతాయి. కనబడనిది లెక్క.

పది చదరపు కిలోమీటర్ల పరివాహక ప్రాంతం అనుకుందాం. మంచి ఏడాది 550 మిల్లీమీటర్లు పడి పదో వంతు పారితే వంకల్లో 5,50,000 ఘనపు మీటర్లు వస్తాయి. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, మూడు లోతున్న పంట కుంట 300 ఘనపు మీటర్లు పడుతుంది. అలాంటివి ఎగువన 200 ఉంటే ఒకసారి నిండడానికి 60,000. మంచి ఏడాది ఇది పెద్ద విషయం కాదు. కరువు ఏడాది 300 మిల్లీమీటర్లు పడి నూటికి రెండు వంతులే పారిందనుకోండి, వంకల్లో వచ్చేదే 60,000. చెరువుకు చుక్క రాదు.

అంటే ఎగువ రైతుది తప్పని కాదు, అతని చెట్లకూ ఆ కుంటే ఆధారం. పనులు మంజూరు కాకముందే ఎగువ, దిగువ ఊళ్ళు కూర్చుని ఈ లెక్క వేసుకోవాలి. కుంటలు ప్రధాన వంకకు అడ్డంగా కాకుండా పక్క వాలుల్లో తవ్వాలి. చెక్‌డ్యాం అంచు మధ్యలో కొంచెం తగ్గించి కడితే, లేదా అడుగున తలుపు పెడితే, ముందు ఎన్ని రోజులు దిగువకు వదలాలో రాసుకోవచ్చు. ఆ తలుపు తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా ఆ కాగితంలోనే రాయించండి.