జీటీ86తో డ్రూయిడ్స్ మలుపులో: వెనకభాగం జారాక ఏం చేయాలి

రేసింగ్ గేముల్లో కారు వెనకభాగం జారేలా చేయడం పెద్ద పనేం కాదు. బలమైన కారు తీసుకుని మలుపు మధ్యలో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కితే చాలు, అదే గిర్రున తిరిగిపోతుంది. ఆ జారుడును కావలసినంతసేపు పట్టుకుని, మళ్లీ దారిలో పెట్టడం దగ్గరే కష్టమంతా. సెలవుల్లో మా ఇంటికొచ్చే మేనల్లుడికీ వాడి బ్యాచ్‌కీ నేనెప్పుడూ ఒకే కారు, ఒకే ట్రాక్ ఇస్తాను. అసెటో కోర్సా అనే రేసింగ్ గేములో టయోటా జీటీ86 అనే చిన్న స్పోర్ట్స్ కారు, ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్‌లో ఇండీ సర్క్యూట్ అనే చిన్న చుట్టు. వాళ్లు ముందు ఫెరారీ అడుగుతారు. ఇవ్వను.

జీటీ86కి ఉన్నది 200 హార్స్‌పవరే. పవరంతా వెనక చక్రాలకు వెళ్తుంది. 2012లో ఈ కారు మార్కెట్లోకి వచ్చినప్పుడు టయోటా దీనికి తన హైబ్రిడ్ కారు ప్రియస్‌లో వాడిన రకం టైర్లే వేసింది. తక్కువ వేగంలోనే, డ్రైవర్‌కు అర్థమయ్యేలా జారాలని కావాలనే చేసిన పని అది. నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి కారు నాకు కనబడలేదు.

మన ఇళ్లలో ఉండే స్విఫ్టు, ఐ20 లాంటివన్నీ ముందు చక్రాలతో నడిచేవి. వాటిలో మలుపులో రేజ్ ఎక్కువిస్తే ముక్కు బయటికి పోతుంది, వెనకభాగం బుద్ధిగా వెంట వస్తుంది. అందుకని రోడ్డు మీద పదేళ్ల అనుభవం ఉన్నా ఇక్కడ కాలు, చెయ్యి కొత్తగా నేర్చుకోవాల్సిందే. ఇక్కడ నేర్చుకున్నది ఔటర్ రింగ్ రోడ్డు మీద చూపించొద్దని విడిగా చెప్పక్కర్లేదనుకుంటా.

సెట్టింగ్స్‌లో చక్రాలు ఉత్తినే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ తీసేయండి, కారు జారకుండా సర్దే స్టెబిలిటీ కంట్రోల్ సున్నాకు దించండి. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా పర్లేదు. టైర్లలో పట్టు ఎక్కువుండే సెమీ స్లిక్ వద్దు, మామూలు రోడ్డు టైర్లు, అంటే స్ట్రీట్ పెట్టండి. లాజిటెక్ జీ29 లాంటి గేమింగ్ స్టీరింగ్ వీల్ అయితే రొటేషన్, అంటే వీల్ మొత్తం తిరిగే మేర, 900 డిగ్రీలు పెట్టండి. టైర్ల పట్టును మోటారుతో చేతికి తెలిపే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ మరీ పెంచితే వీల్ అన్నిచోట్లా ఒకేలా బరువుగా ఉండి, తేలికయ్యే క్షణం చేతికి తెలియదు. గేమ్‌ప్యాడ్‌తోనూ కుదురుతుంది కానీ కీబోర్డుతో వద్దు. కీ అయితే నొక్కడమో వదలడమో తప్ప మధ్యలో ఏమీ లేదు. వీల్ బిగించిన బల్లను గోడకు ఆనించండి. అది డైనింగ్ టేబుల్ అయితే పచ్చడి సీసాలు ముందే తీసేయండి.

ఇక మలుపు. మొదటి మలుపు ప్యాడక్ హిల్ దిగి మళ్లీ ఎత్తెక్కగానే డ్రూయిడ్స్ వస్తుంది, కుడివైపు పూర్తిగా వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపు. కారు తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు వేసి రెండో గేరుకు రండి. తర్వాత బ్రేకును ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా వదులుతూ స్టీరింగ్ కుడికి తిప్పండి. ఆర్టీసీ బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకు ఒరిగినట్టు, కారు బరువు ముందు టైర్ల మీదకు వస్తుంది. వెనక టైర్లు తేలికై పట్టు సడలుతుంది. ఈ కారుకున్న బలానికి ఒట్టి యాక్సిలరేటర్‌ను నమ్ముకోలేం, బరువును కదిలించే జార్చాలి.

వెనకభాగం ఎడమకు కదలగానే వీల్ ఒక్క క్షణం తేలికై, తనంతట తానే ఎడమకు తిరగబోతుంది. ముందు చక్రాలు కారు నిజంగా పోతున్న దిక్కుకు తిరగాలని చూస్తాయి మరి. బిగించి పట్టుకోకండి, వేళ్ల మధ్య నుంచి జారనివ్వండి. జీ29 మోటారు కాస్త నెమ్మది, కాబట్టి మీరూ కొంచెం తోయాలి. చూపు బానెట్ మీద పెట్టకండి. మలుపు దాటాక తర్వాతి మలుపు గ్రాహం హిల్ బెండ్ వైపు దిగే దారిని చూడండి.

కాలు దగ్గర అందరికీ టెన్షన్ వస్తుంది. భయపడి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తారు. వదిలితే బరువు మళ్లీ ముందుకు దూకుతుంది, వెనకభాగం ఇంకా జారుతుంది, కారు గడ్డిలో తేలుతుంది. సగం దాకా తొక్కి అక్కడే ఆపండి. కారు అడ్డం తిరిగిన కోణం పెంచాలంటే ఇంకో వెంట్రుకవాసి, తగ్గించాలంటే వెంట్రుకవాసి తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. వెనక టైర్లు పట్టు అందుకునే వేళకి ముందు చక్రాలు ఇంకా ఎడమకే చూస్తుంటే, కారు ఒక్కసారిగా ఎడమకు విసిరేస్తుంది. ఈ రెండో ఊపు మొదటి జారుడు కంటే వేగంగా వస్తుంది. దాన్ని పట్టుకోవడం ప్రతిసారీ నావల్ల కూడా కాదు. కాబట్టి కారు తిన్నగా అయ్యాక స్టీరింగ్ తిన్నగా చేద్దామని కాచుకోకండి. కోణం తగ్గడం మొదలైందనగానే చేతులు వెనక్కి రావాలి, కాలు అలాగే ఉండాలి. కోణం తగ్గుతోందని ముందు చెవికి తెలుస్తుంది. టైర్ల అరుపు సన్నగిల్లుతుంది, వెనక చక్రాలు ఉత్తినే తిరగడం తగ్గి ఇంజన్ మోత కిందికి దిగుతుంది. వీల్‌లో బరువు తిరిగొచ్చేది ఆ తర్వాతే. అందుకే ఆడియోలో ఇంజన్ సౌండ్ తగ్గించి టైర్ల సౌండ్ పెంచుకోమంటాను. మా వాళ్లకి ఇది నచ్చదు, ఇంజన్ మోత లేకపోతే మజా లేదంటారు.

మొదట్లో చేతులు కావాలనే కాస్త ముందుగా వెనక్కి తెచ్చేయండి. జారుడు అర్ధాంతరంగా ఆగిపోతుంది, అంతే, కారు పాడవదు. అక్కడి నుంచి ల్యాపు ల్యాపుకీ కొంచెం ఆలస్యం చేస్తూ పోతే సరైన వేళ ఎక్కడుందో దొరుకుతుంది.

రేసులో మాత్రం ఇంత కోణం పనికిరాదు, ప్రతి జారుడుకీ టైమ్ పోతుంది. అక్కడ కావాల్సింది మలుపులోకి దిగేటప్పుడు ముక్కు లోపలికి తిరిగేంత, కొద్ది డిగ్రీల జారుడే. ప్రాక్టీసులో కూడా టైర్ల వేడి చూపించే గేములోని టైర్ యాప్ తెరిచి ఉంచుకోండి. వరసగా జారుస్తూ పోతే వెనక టైర్లు వేడెక్కి, ఇందాక సగం తొక్కుడుకు నిలిచిన కారు ఇప్పుడు అదే తొక్కుడుకు తిరిగిపోతుంది. మీ కాలు చెడిందనుకుని తొక్కుడు మార్చుకోకండి, సెషన్ మళ్లీ మొదలుపెట్టండి.