పాత స్ప్లెండర్‌కు బయటి సైలెన్సర్ వేశాక వచ్చే సమస్యలు, పరిష్కారాలు

1994లో వచ్చిన తొలి స్ప్లెండర్లు, వాటికంటే ముందటి సీడీ 100లు ఇప్పటికీ మన ఊళ్లలో తిరుగుతున్నాయి. 97.2 సీసీ ఇంజిన్ గట్టిది. ముందుగా పోయేది సైలెన్సరే, అడుగున తుప్పు పట్టి చిల్లు పడుతుంది. అప్పుడు ఆటోనగర్‌లోనో దగ్గర్లోని స్పేర్స్ షాపులోనో బయటి కంపెనీది కొని వేయిస్తాం. ఆ తర్వాత వచ్చే సమస్యల్లో చాలావాటికి కారణం కొత్త సైలెన్సర్ కాదు, దాన్ని బిగించిన తీరు.

యాక్సిలరేటర్ వదలగానే పట్‌పట్‌మంటోంది

ఇంజిన్ హెడ్‌కు బెండ్ పైపు (సైలెన్సర్ ముందుండే వంపు గొట్టం) కలిసే చోట గాలి లోపలికి పోతోందని అర్థం. కాలకుండా బయటికొచ్చిన పెట్రోలు ఆ గాలి తగిలి పైపులోనే పేలుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు ఆ జాయింటు చుట్టూ సబ్బు నీళ్లు రాసి స్టార్ట్ చేయండి. బుడగలు వస్తే లీకు అక్కడే. కొన్నాళ్లుగా లీకవుతుంటే నల్లటి మసి కూడా కనిపిస్తుంది.

పైపు విప్పి టార్చి వేసి చూడండి. జాయింటు లీకవకుండా వేసే పాత ప్యాకింగ్ రింగు లోపలే అతుక్కుపోయి ఉంటుంది, దాని మీదే కొత్తది పెట్టేస్తారు. పాతదాన్ని మెల్లగా ఊడదీయాలి. హెడ్ అల్యూమినియంది కాబట్టి గీతలు పడనివ్వకండి. ఒకసారి నలిగిన ప్యాకింగ్ మళ్లీ వాడొద్దు.

బిగించే వరస చాలా ముఖ్యం. హెడ్ దగ్గరి రెండు నట్లను, వెనక బోల్టును చేత్తో తిప్పి లూజుగా వదలండి. తర్వాత హెడ్ దగ్గరి నట్లను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, రెండు వైపులా సమానంగా బిగించండి. వెనక బోల్టు ఆఖరున. బయటి సైలెన్సర్లకు వెనక రంధ్రం ఒక్కోసారి సరిగ్గా కూర్చోదు. అప్పుడు బోల్టుతో బలవంతంగా లాగొద్దు, సందులో వాషర్లు వేయండి. లాగి బిగిస్తే ఆ ఒత్తిడంతా జాయింటు మీద పడుతుంది. ప్యాకింగ్ ఒక పక్కకు నలుగుతుంది, కొన్నాళ్లకు బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర పగులుతుంది. ఒకసారి బండి బాగా తిరిగి చల్లారాక నట్లు మళ్లీ చూసుకోండి.

నట్టు రావడం లేదు

హెడ్ దగ్గర ఆ నట్లు ఎక్కే స్టడ్లు (మరల కడ్డీలు) 6 ఎంఎంవి, తుప్పు పట్టి ఉంటే తేలిగ్గా విరుగుతాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. విరిగితే లేత్ దగ్గరికి తీసుకెళ్లడమే మంచిది.

పికప్ తగ్గింది

ముందు పైన చెప్పిన లీకు లేదని, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందని చూసుకోండి. తర్వాత కాసేపు బాగా నడిపి ప్లగ్ తీసి చూడండి. ఇటుక రంగులో ఉంటే కార్బొరేటర్ జోలికి పోవద్దు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం, అంటే మెయిన్ జెట్, ఒక సైజు పెంచాలి. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. బెండ్ పైపు హెడ్ దగ్గర కొంచెం పసుపు, నీలం తిరగడం మామూలే.

సైలెన్సర్ లోపల శబ్దం తగ్గించే భాగం, అంటే బ్యాఫిల్, తీసేస్తే బండి లాగుతుందని కొందరు మెకానిక్‌లు చెబుతారు, దయచేసి వినకండి. ఇంత చిన్న ఇంజిన్‌లో పెరిగేది శబ్దమే, తక్కువ స్పీడులో లాగుడు ఇంకా తగ్గుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు, మూడు నెలలు లైసెన్సూ పోవచ్చు. శబ్దం పెద్దదైతే వీధిలో ముసలివాళ్లకు, పసిపిల్లలకు నిద్ర ఉండదు.

గలగల చప్పుడు

బండి ఆపి, చల్లారాక సైలెన్సర్‌ను అరచేత్తో తట్టండి. లోపల మోగితే బ్యాఫిల్ ఊడింది, దుకాణంలో మార్పించుకోండి. లోపల మోగకపోతే మెయిన్ స్టాండ్ చూడండి. స్టాండ్ పైకి మడిచినప్పుడు ఆనే రబ్బరు ముక్క చాలా బయటి సైలెన్సర్లకు ఉండదు, అందుకే ఇనుము ఇనుముకు తగిలి మోగుతుంది. పాత సైలెన్సర్‌ను తుక్కుకు వేసేముందు ఆ రబ్బరు ఊడదీసి దాచుకోండి, కొత్తదానికి పనికొస్తుంది.