పూర్వపక్షం రాశాకే జవాబు: ఆన్‌లైన్ వాదనల్లో పాటించదగిన ఒక పద్ధతి

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమానికి మారుస్తూ ఉత్తర్వు ఇచ్చినప్పుడు, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెద్ద వాదన జరిగింది. ఆ వేడిలో నేను రాసిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "తెలుగు మీడియం కావాలనేవాళ్ళందరూ తమ పిల్లల్ని మాత్రం కాన్వెంటుకే పంపుతారు." అదే గ్రూపులో మా బాబాయి ఉన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు తెలుగు మాస్టారుగా పనిచేసి, తన ఇద్దరు పిల్లలనూ తాను పాఠం చెప్పిన మునిసిపల్ బడిలోనే చదివించిన మనిషి. ఆయన ఒక్క మాటా అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. అలాంటి వాక్యం మళ్ళీ రాయకుండా ఉండడానికి నేను అలవరచుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట మీరు రాసిన మాటల చివరలు చూడండి. మన భాషలో అతిశయం పెద్ద మాటల్లో కాక చిన్న అక్షరాల్లో దాగి ఉంటుంది. "అందరూ", "ఎప్పుడూ", "ఒక్కరూ", "కాన్వెంటుకే", "వాళ్ళింతే" అన్నప్పుడు ఆ చివరి ఊకారమో ఏకారమో మినహాయింపులన్నింటినీ తుడిచిపెడుతుంది. పంపే ముందు అలాంటి ప్రతి మాట దగ్గర ఆగి, దాని స్థానంలో "నాకు తెలిసిన నలుగురు" అనో "నేను చూసిన మేరకు" అనో పెట్టి చదవండి. అలా మార్చగానే వాక్యం చప్పబడిపోతే, దాని బలం నిజం నుంచి కాక ఆ అక్షరం నుంచి వచ్చిందని అర్థం. నా వాక్యం ఈ పరీక్షకు నిలవలేదు. నిజానికి నేను ఎరిగినవారు ఇద్దరే.

ఇలా లోకాన్ని "అందరూ", "ఒక్కరూ కాదు" అని రెండు ముక్కలుగా చూడడం తెలివితక్కువతనం కాదు. 1960లలో కాగ్నిటివ్ థెరపీకి, అంటే ఆలోచనల తీరును సరిదిద్దే మానసిక చికిత్సకు, పునాది వేసిన అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్, కుంగుబాటుతో బాధపడేవారి ఆలోచనల్లో కనిపించే పొరపాట్లలో దీన్నీ ఒకటిగా గుర్తించారు. అలసట, భయం, అవమానం కలిగినప్పుడు ఎంత చదువుకున్నవారికైనా ఈ చూపు వస్తుంది. కాబట్టి చెవులు వేడెక్కడం, ఎదుటివారి సందేశం పూర్తిగా చదవకముందే వేళ్ళు కదలడం వంటి గుర్తులు మీలో కనిపిస్తే, జవాబును గ్రూపులో కాక ఫోనులోని నోట్సులో రాసి, మర్నాడు ఉదయం చదవండి. నేను అలా రాసుకున్నవాటిలో చాలా వాటిని పంపవలసిన అవసరమే రాలేదు.

తరువాత చేయవలసిన పని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, పూర్వపక్షం రాయడం. మన శాస్త్ర గ్రంథాలలో సిద్ధాంతి తన మాట స్థాపించే ముందు ఎదుటివారి వాదాన్ని పూర్వపక్షంగా చెబుతాడు. ప్రాచీన తర్కగ్రంథమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విభజించాయి: సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఒక పక్షాన్ని స్థాపించకుండా ఎదుటి మాటను పడగొట్టడానికి మాత్రమే చేసేది వితండం. మీరు చేస్తున్నది ఏదో తేల్చుకోవాలంటే, ఎదుటివారి అభిప్రాయాన్ని వారు చదివి "అవును, నేను అన్నది ఇదే" అనే విధంగా రెండు మూడు వాక్యాల్లో రాయండి. మా బాబాయి పక్షాన నేను అప్పుడే కూర్చుని రాసి ఉంటే ఇలా ఉండేది: "ఇంట్లో ఇంగ్లీషు వినిపించని పిల్లవాడికి లెక్కలు కూడా ఆ భాషలోనే చెబితే, రెండు కష్టాలు ఒకేసారి మీద పడతాయి." ఈ మాటకు కాన్వెంటుతో సంబంధమే లేదు.

గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికవాదులతో పోరాడినప్పుడు వారు ప్రమాణంగా చూపే గ్రంథాలను నిశితంగా చదివి, వాటిలోంచే ప్రయోగాలు ఏరి చూపించారు. అవతలి పక్షానికి నాయకుడైన జయంతి రామయ్య పంతులు పూనికతో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువును, వ్యావహారికంలో రాసే మనం నేటికీ తెరుస్తూనే ఉన్నాం. వాదంలో ఓడిన పక్షం పనికిరానిదని అనుకునేవారు ఆ సంపుటాలను ఒకసారి చేతుల్లోకి తీసుకోవాలి.

అయితే ప్రతి విషయంలోనూ మధ్యే మార్గం వెతకాలని దీని అర్థం కాదు. ఏ ప్రశ్నకు అవును, కాదు అనే జవాబు ఉందో, దేనికి లేదో విడదీయండి. ఆ ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసిందా అన్నదానికి ఒకే జవాబు ఉంది: కొట్టివేసింది. ఒకరిని కులం పేరుతో దూషించడం తప్పా అన్నదానికీ అంతే, అక్కడ సర్దుబాటు మాట తగదు. కానీ ఏ తరగతిలో, ఏ పాఠాన్ని, ఎలాంటి శిక్షణ పొందిన ఉపాధ్యాయులతో ఏ భాషలో చెప్పాలి అన్నవి వేర్వేరు ప్రశ్నలు. విద్యాహక్కు చట్టం కూడా బోధన మాతృభాషలో "సాధ్యమైనంతవరకు" ఉండాలనే చెప్పింది. చట్టం రాసినవారు వదిలిన ఆ చోటును మా గ్రూపులో మేమిద్దరం చూడలేదు. నేను కావాలని చూడలేదు.

చివరగా, తప్పు రాసినప్పుడు దాన్ని రాసిన చోటే, నలుగురి ముందే దిద్దండి. "ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి" అనడం దిద్దుబాటు కాదు; ఏ వాక్యం తప్పో, ఎందుకు తప్పో చెప్పాలి. నేను ఏడు నెలలు ఆలస్యం చేశాను. బాబాయిని అడిగి, తిరిగి గ్రూపులో చేర్చి, నా పాత వాక్యాన్ని ఎత్తి రాసి, అది అబద్ధమని, దానికి ఆయన జీవితమే సాక్ష్యమని రాశాను. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు. తరువాత, ఎదురెదురు పేజీల్లో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు అచ్చయిన కొత్త పాఠ్యపుస్తకం ఫోటో పెట్టి, "ఇందులో తెలుగు పేజీ నువ్వు చదువు, ఇంగ్లీషు పేజీ నేను చదువుతాను, ఎక్కడ తేడా ఉందో చూద్దాం" అన్నారు.